ఎవరి పోలిక?

బీఎస్సీ మొదటి ఏడాది జువాలజీ రికార్డులో నేను వేసిన ఒక పేజీని మా లెక్చరర్ ఎర్ర ఇంకుతో ఆ మూల నుంచి ఈ మూలకి కొట్టేశారు. ఆ పేజీలో రెండు డింభకాల, అంటే లార్వాల బొమ్మలుండాలి. ఒకటి సీ అర్చిన్ పిల్ల, ఇఖైనోప్లూటియస్. ఇంకోటి బ్రిటిల్ స్టార్ (సన్నటి చేతుల నక్షత్రం లాంటి సముద్ర జీవి) పిల్ల, ఓఫియోప్లూటియస్. రెండిటికీ సన్నటి త్రికోణం లాంటి ఒళ్లు, పైకి చాచిన పొడుగాటి చేతులు, ఒక్కో చేతిలో గొడుగు కమ్మీ లాంటి సున్నపు పుల్ల. "ఏమ్మా, ఒకటే బొమ్మ రెండుసార్లు దించి కింద పేర్లు మార్చావా?" అన్నారు. "పుస్తకంలోనే అలా ఉన్నాయి సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. మళ్లీ వేసుకు రమ్మన్నారు. రెండోసారి ఓఫియోప్లూటియస్ చేతుల్ని కాస్త వెడల్పుగా విప్పి వేసి, సంతకం పెట్టించుకుని బయటపడ్డాను.

ఇది జరిగి ఇరవై ఏళ్లు దాటింది. నా ఉద్యోగానికీ జువాలజీకీ ఇప్పుడు ఏ సంబంధమూ లేదు. అయినా ఆ ఎర్ర గీత మీద ఉక్రోషం పోలేదు. ఆ రెండు బొమ్మలు ఎందుకు ఒకేలా ఉన్నాయో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత్తర్వాత తీరిక దొరికినప్పుడల్లా చదువుతూ పోతే తెలిసింది, నేను చివాట్లు తిన్న ఆ పోలిక గురించి పెద్దపెద్దవాళ్లే వంద ఏళ్లకు పైగా జుట్లు పట్టుకున్నారని.

ముందు సంగతేమిటో చెబుతాను. సీ అర్చిన్‌ని విశాఖ వైపు తీరంలో రాళ్ల సందుల్లో చూసి ఉంటారు. నల్లటి ముళ్ల బంతి. దానికి ముందూ వెనకా లేదు, కుడీ ఎడమా లేదు. ముళ్లన్నీ దులిపేస్తే పెంకు మీద ఐదు వరసలుగా ముగ్గు వేసినట్టుంటుంది. నోరు కింద. కానీ దాని పిల్ల మాత్రం కుడి ఎడమలు స్పష్టంగా ఉన్న చిన్న గాజుబొమ్మ. మిల్లీమీటరు కూడా ఉండదు. సన్నని కేశాలు ఆడిస్తూ, నీళ్లలో కంటికి కనపడని నాచు కణాలను నోట్లోకి తోసుకుంటూ వారాల తరబడి సముద్రంలో తేలుతుంది. ఈలోగా దాని ఒంట్లో, ఎడమవైపున మాత్రమే, ఒక చిన్న ముద్ద పెరుగుతుంది. అసలు సీ అర్చిన్ అదీ. టైమొచ్చాక ఆ ముద్ద బయటికి తిరగబడుతుంది, గాజుబొమ్మ ముడుచుకుపోతుంది, అడుగున ఒక బుల్లి ముళ్ల బంతి నడక మొదలుపెడుతుంది. గొంగళి పురుగు సీతాకోకచిలుక కావడం చూసి అబ్బురపడతాం గానీ, దీని ముందు అదెంత? సీతాకోకచిలుకకి కనీసం తల ఉన్న చోటే తల ఉంటుంది.

1840ల్లో బెర్లిన్ ప్రొఫెసర్ యోహానెస్ ముల్లర్ ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ దీవి దగ్గర సన్నటి వల వేసి ఇలాంటి జీవినొకదాన్ని పట్టాడు. చిత్రకారులు బొమ్మ నిలబెట్టుకునే కొయ్య స్టాండులా ఉందని దానికి 'ప్లూటియస్' అని పేరు పెట్టాడు. అప్పటికి అది ఎవరి పిల్లో ఆయనకి తెలియదు. దొరికిన పిల్లలకు తల్లులను వెతకడమే ఆయన తర్వాతి ఏళ్ల పని అయింది.

మన ఇళ్లలో బారసాలకి వచ్చిన ఆడవాళ్లు చేసేదీ ఇదే. ఉయ్యాల్లో పిల్ల కళ్లు తెరవకముందే "ముక్కు మేనత్తది, నుదురు తాతగారిది" అని పంపకాలు అయిపోతాయి. పోలిక చూసి చుట్టరికం చెప్పడం మనిషికి పుట్టుకతో వచ్చిన జబ్బు. జీవశాస్త్రం ఆ జబ్బుకి పద్ధతి నేర్పింది, అంతే.

ఒకసారి ఆ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది కూడా. ముల్లర్‌కి టార్నేరియా అనే ఇంకో డింభకం దొరికింది. సముద్ర నక్షత్రం (స్టార్‌ఫిష్) పిల్లే అనుకున్నాడాయన, అంత పోలిక. తర్వాత రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్ అది బెలనోగ్లోసస్ అనే పురుగు పిల్లని తేల్చాడు. (ఈ మెచ్నికోవే 1882లో ఇటలీలోని మెసీనాలో సముద్ర నక్షత్రం డింభకానికి ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం చూసి, రోగనిరోధక శక్తి గురించి కొత్త దారి చూపించాడు. 1908లో నోబెల్ వచ్చింది. పారదర్శకమైన పిల్లలతో ఎన్ని లాభాలో.) ఇసుకలో బొరియ చేసుకుని బతికే మెత్తటి పురుగుకీ, ఐదు చేతుల నక్షత్రానికీ ఏమిటి సంబంధం? పిల్లలు ఒకేలా ఉన్నాయి కాబట్టి చుట్టాలే అన్నారు. నూరేళ్ల పైచిలుకు తర్వాత డీఎన్‌ఏ చూస్తే, నిజంగానే దగ్గర చుట్టాలు. మన టెక్స్టుబుక్కులో ఈ కథ ఉంటుంది. అది గెలిచిన కేసు కాబట్టి ఉంటుంది.

ఓడిన కేసు మా రికార్డులో ఉంది. అదే తర్కం పెడితే, ప్లూటియస్ పిల్లలున్న సీ అర్చిన్, బ్రిటిల్ స్టార్ అక్కచెల్లెళ్లు కావాలి. చేతిపుల్లల్లేని పిల్లలున్న సముద్ర నక్షత్రం, సముద్ర దోసకాయ (దోసకాయలా పొడుగ్గా, మెత్తగా ఉండే జీవి) ఇంకో జత కావాలి. పెద్దవాటిని పక్కపక్కన పెట్టి చూసిన ఎవరికైనా ఇది మింగుడుపడదు. బ్రిటిల్ స్టార్ అచ్చం సన్నబడ్డ సముద్ర నక్షత్రమే కదా, దానికీ ముళ్ల బంతికీ పొత్తేమిటి? 1940ల్లోనే న్యూజిలాండ్‌లో హోవర్డ్ బారక్లఫ్ ఫెల్ అనే ఆయన డింభకాల మాట నమ్మి వంశవృక్షం గీస్తే మోసపోతామని గట్టిగా వాదించాడు. 2014 ప్రాంతంలో వందలాది జన్యువులు పోల్చి చూసిన అధ్యయనాలు ఆ మాటే తేల్చాయి: నక్షత్రమూ బ్రిటిల్ స్టారూ ఒక జత, అర్చినూ దోసకాయా ఇంకో జత. పిల్లలు చెప్పిన చుట్టరికం తప్పు.

మరి ఆ రెండు బొమ్మలు ఒకేలా ఎందుకున్నాయి?

దీనికి నేను విన్న జవాబుల్లో అన్నిటికంటే మజా అయినది డొనాల్డ్ విలియమ్సన్‌ది. లివర్‌పూల్ యూనివర్సిటీకి ఐల్ ఆఫ్ మాన్ దీవిలో పోర్ట్ ఎరిన్ అనే ఊళ్లో సముద్ర పరిశోధన కేంద్రం ఉండేది, అక్కడ పనిచేసిన మనిషి. ఆయనేమన్నాడంటే, డింభకాలు ఆయా వంశాల్లో పరిణామం చెందలేదు, వేరే వంశం నుంచి వచ్చి చేరాయి. ఎప్పుడో ఒక జాతి అండాలను సంబంధమే లేని ఇంకో జాతి శుక్రకణాలు ఫలదీకరణం చేశాయి. పుట్టిన సంతతి సగం జీవితం ఒకరి రూపంలో, మిగతా సగం ఇంకొకరి రూపంలో గడపడం మొదలుపెట్టింది. అంటే బ్రిటిల్ స్టార్ పిల్లరూపం అర్చిన్‌ల ఇంటి నుంచి వచ్చిన దత్తత అన్నమాట.

నిజం చెప్పాలంటే మొదటిసారి చదివినప్పుడు నేను పడిపోయాను. ఒక్క దెబ్బకి పోలిక చిక్కు విడిపోతుంది. పైగా ఆయన ఊరికే చెప్పలేదు, చేసి చూశాడు. సీ స్క్విర్ట్ అండాలకు సీ అర్చిన్ శుక్రకణాలు కలిపాడు. సీ స్క్విర్ట్ రాళ్లకు అంటుకుని బతికే సంచి లాంటి సముద్ర జీవి, మనలాంటి వెన్నెముక జీవులకు దగ్గర చుట్టం. అర్చిన్‌తో దానికి కొన్ని కోట్ల తరాల దూరం. ఆ గిన్నెలో ప్లూటియస్‌లు ఈదాయి. కొన్ని పెరిగి సీ అర్చిన్‌లు కూడా అయ్యాయి!

1996లో మైకేల్ హార్ట్ అనే పరిశోధకుడు ఆ 'సంకరం' జంతువుల డీఎన్‌ఏ పరీక్షించాడు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి వైపు నుంచే వస్తుంది. విలియమ్సన్ చెప్పింది నిజమైతే ఆ డీఎన్‌ఏ సీ స్క్విర్ట్‌ది కావాలి. అది సీ అర్చిన్‌ది. అంటే ఆ పిల్లలకి తల్లి కూడా అర్చినే. గిన్నెలోకి ఎలాగో అర్చిన్ అండాలు వచ్చిపడ్డాయి, అంతకు మించి అద్భుతమేమీ జరగలేదు. అయినా ఆయన తగ్గలేదు. 2009లో గొంగళి పురుగులు కూడా ఇలాగే వెల్వెట్ పురుగులతో జరిగిన సంకరం వల్ల వచ్చాయని ప్రఖ్యాతమైన అమెరికన్ జర్నల్‌లో రాశాడు. పేరున్న జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ సిఫారసు మీద అది అచ్చయింది. అదే ఏడాది హార్ట్, గ్రోస్‌బర్గ్ కలిసి దాన్ని కూడా తుడిచిపెట్టేశారు. నిజంగా రెండు వంశాల జన్యువులు కలిసి ఉంటే జీనోమ్‌లో ఆనవాలు కనిపించాలి, అలాంటిదేమీ లేదు.

విలియమ్సన్‌ని వెక్కిరించడం తేలిక. నాకు మాత్రం ఆయన తప్పు కొత్తది కాదనిపిస్తుంది. ముల్లర్‌తో కలిసి 1854లో హెలిగోలాండ్ వెళ్లిన కుర్ర శిష్యుడు ఎర్నెస్ట్ హెకెల్, 1866లో ఒక సూత్రం చెప్పాడు: ప్రతి జీవీ తన ఎదుగుదలలో పూర్వీకుల రూపాలన్నీ వరసగా తిరగేస్తుందని. ఇంటర్‌లో 'వ్యక్తి వికాసం జాతి చరిత్రను పునరావృతం చేస్తుంది' అని మనమంతా బట్టీ పట్టింది అదే. హెకెల్ ప్రకారం పిల్ల తన తాత బొమ్మ. విలియమ్సన్ ప్రకారం పిల్ల పొరుగింటి తాత బొమ్మ. ఇద్దరూ ఒప్పుకోనిది ఒకటే, పిల్ల పిల్లగానే మారగలదన్న మాట. ఎక్కడో ఒక పెద్ద జంతువు ముందు ఉండి తీరాలి, పిల్ల దాని నకలు కావాలి. 1922లో ఇంగ్లండ్‌లో వాల్టర్ గార్‌స్టాంగ్ ఈ సూత్రాన్ని బోర్లించి, వ్యక్తి వికాసం జాతి చరిత్రను వల్లించదు, సృష్టిస్తుంది అన్నాడు. ఆయనకి డింభకాల మీద పద్యాలు రాసే సరదా కూడా ఉండేది. మన వైపు పుట్టి ఉంటే బైపిన్నేరియా (సముద్ర నక్షత్రం డింభకం) మీద సీసం, కింద తేటగీతి తప్పకుండా వచ్చేవి.

పిల్ల పిల్లగా ఎలా మారుతుందో చూడాలంటే సిడ్నీ తీరానికి వెళ్లాలి. అక్కడి రాళ్ల మీద హెలియోసిడారిస్ అనే ప్రజాతికి చెందిన రెండు సీ అర్చిన్ జాతులున్నాయి. ఒకటి ట్యూబర్‌క్యులేటా, రెండోది ఎరిత్రోగ్రామా. పెద్దవయ్యాక రెండూ ఒకే కుటుంబం మనుషుల్లా ఉంటాయి. వంశాలు విడిపోయి దాదాపు 40 లక్షల ఏళ్లు, పరిణామం లెక్కలో నిన్న మొన్న.

పిల్లల సంగతి వేరు. ట్యూబర్‌క్యులేటా అండం మిల్లీమీటరులో పదో వంతు. దాన్నుంచి మామూలు ప్లూటియస్ పుడుతుంది, వారాల పాటు తిని తిరిగి, ఆ తర్వాత అర్చిన్ అవుతుంది. ఎరిత్రోగ్రామా అండం అడ్డంగా నాలుగు రెట్లకు పైగా పెద్దది, అంటే ఘనపరిమాణంలో వంద రెట్లకు దగ్గర. నిండా కొవ్వు కాబట్టి నీటి మీద తేలుతుంది. అందులోంచి వచ్చే పిల్లకి చాచిన చేతుల్లేవు, తినడానికి నోరు లేదు. గుండ్రటి ముద్ద. తల్లి కట్టిచ్చిన సద్దిమూటతోనే మూడు నాలుగు రోజుల్లో నేరుగా బుల్లి అర్చిన్ అయిపోతుంది. కనీసం 25 కోట్ల ఏళ్లుగా అర్చిన్‌ల వంశం మోసుకొస్తున్న ప్లూటియస్ రూపాన్ని ఇది 40 లక్షల ఏళ్లలోపే అవతల పారేసింది.

చాలామంది ఇక్కడ 'తిండి అవసరం లేదు కాబట్టి చేతులు రాలిపోయాయి' అని ఊరుకుంటారు. ఇండియానా యూనివర్సిటీలో రుడాల్ఫ్ రాఫ్ బృందం ఏళ్ల తరబడి చూసింది అంతకంటే లోతైనది. ఈ పిల్లలో ఊడిపోయినవి ఎన్నో, ముందుకు జరిగినవి అన్ని. ప్లూటియస్‌లో ఎప్పుడో వారాలు గడిచాక ఎడమవైపు మొదలయ్యే అర్చిన్ ముద్ద ఇక్కడ మొదటి రోజుల్లోనే మొదలవుతుంది. తర్వాత డ్యూక్ యూనివర్సిటీలో గ్రెగ్ రే, సిడ్నీలో మరియా బర్న్ వంటివాళ్లు జీనోమ్‌లు చదివితే, మార్పులు జన్యువులను ఎప్పుడు వెలిగించాలి, ఎక్కడ ఆర్పాలి అనే స్విచ్చుల దగ్గర పేరుకుని కనిపించాయి. పైకి ఏమీ మారని పెద్ద జంతువు, లోపల తిరగరాసిన పిల్ల.

ఇక నాకు బాగా ఇష్టమైన ప్రయోగం. 1999లో రాఫ్ బృందం ఎరిత్రోగ్రామా అండానికి ట్యూబర్‌క్యులేటా శుక్రకణం ఇచ్చింది. ఇది విలియమ్సన్ గిన్నె లాంటిది కాదు. దగ్గరి జాతులు, నిజమైన సంకరం. తల్లి చేతుల్లేని, తినని రకం. తండ్రి ప్లూటియస్ రకం. పుట్టిన పిల్లకి తల్లి వంశం పోగొట్టుకున్న తిండి తినే అవయవాలు తిరిగొచ్చాయి. కానీ అది తండ్రిలా ప్లూటియస్ కాలేదు. తల్లిలా ముద్దా కాలేదు. మొదటి దశలో సముద్ర నక్షత్రాల, సముద్ర దోసకాయల పిల్లల తరహాలో కనిపించింది, అంటే ఈ జంతువులన్నిటికీ మూలపురుషుడి పిల్లకి ఉండేదనుకునే రూపంలో. పైగా అలా గాడి తప్పి చచ్చిపోలేదు. పెరిగి చక్కగా అర్చిన్ అయింది. బారసాలలో మా పెద్దమ్మ ఉండి ఉంటే "అమ్మా కాదు నాన్నా కాదు, ముత్తాత పోలికే" అనేసేది. ఆవిడ సగం కరెక్టే. ముత్తాత రూపం భద్రంగా పెట్టెలో ఉండి బయటికి రాలేదు. రెండు వేరు వేరు పద్ధతులు ఒకే పిండంలో కలిసి పనిచేసినప్పుడు వాటికి రాజీ కుదిరిన రూపం పాతదానిని పోలి వచ్చింది. నా చదువులో ఇదొక్కటే హెకెల్ మీద నాకు కాస్త జాలి కలిగించిన ప్రయోగం.

ఇప్పుడు మళ్లీ నా కొట్టేసిన పేజీకి. ప్లూటియస్ చేతుల్లో సున్నపు పుల్లలుంటాయన్నాను కదా. కాలిఫోర్నియాలో కాల్‌టెక్‌లో ఎరిక్ డేవిడ్‌సన్ బృందం 2008లో చూపించింది ఏమిటంటే, అర్చిన్ పిండంలో ఆ పుల్లలు కట్టే జన్యువుల జట్టు కొత్తగా వచ్చింది కాదు. పెద్ద అర్చిన్ పెంకునీ ముళ్లనీ కట్టేది ఆ జట్టే. సముద్ర నక్షత్రం పిల్లకి పుల్లల్లేకపోయినా, అది నక్షత్రంగా మారేటప్పుడు ఒంటి కింద సున్నపు పలకలు కట్టేదీ దాదాపు అదే జట్టు. అందరి ఇళ్లలోనూ అటక మీద ఒకే తాతల నాటి ఇత్తడి గంగాళం ఉందనుకోండి. పెళ్లికి మాత్రమే దించుతారు. అర్చిన్‌ల వంశంలో ఎవరో దాన్ని రోజూ వాడకానికి దించారు. బ్రిటిల్ స్టార్‌ల ఇంట్లోనూ దించారు. గంగాళం ఒకటే కాబట్టి రెండిళ్లలోనూ వంట ఒకేలా కనిపిస్తుంది. ఒకరింట్లో ఒకరు దొంగిలించనక్కర్లేదు.

ఉమ్మడి పూర్వీకుడికే ప్లూటియస్ ఉండేదని, నక్షత్రాలూ దోసకాయలూ తర్వాత పోగొట్టుకున్నాయని అనేవాళ్లూ ఉన్నారు. పోగొట్టుకోవడం తేలికని ఎరిత్రోగ్రామా చెబుతోంది కాబట్టి అది కొట్టిపారేసే వాదన కాదు. నేను మాత్రం విడివిడిగా వచ్చాయనే వైపే మొగ్గుతాను. పుల్లలు కట్టే జట్టును ఆ రెండు పిండాలూ నడిపించే తీరులో వివరాలకు వెళ్లే కొద్దీ తేడాలు బయటపడుతున్నాయి. పైపెచ్చు ఇద్దరికీ నీళ్లు ఒకటే. ఇసుక రేణువు కంటే చిన్న ఒంటితో, తేనెలా చిక్కగా అనిపించే నీటిలో నాచు కణాలు ఏరుకు తినాలంటే, కేశాలు మొలిచే అంచు పొడుగ్గా ఉండాలి. ఆ అంచును చాచి నిలబెట్టడానికి పుల్లలు మహా అనువు.

ఈ అంచు సంగతి ఊహ కాదు. తిండి తక్కువైతే ప్లూటియస్ తన చేతుల్ని ఇంకా పొడుగ్గా పెంచుకుంటుంది. తిండి దండిగా దొరికితే చేతుల మీద ఖర్చు తగ్గించి, లోపలి అర్చిన్ ముద్దను తొందరగా పెంచుకుంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఫ్రైడే హార్బర్ ప్రయోగశాలలో రిచర్డ్ స్ట్రాత్‌మన్ వంటివాళ్లు ఇలాంటివి జీవితమంతా చూశారు. 2008లో డాన్ వాన్‌తో కలిసి ఆయన ప్రచురించిన ఇంకో సంగతి నమ్మబుద్ధి కాదు. శాండ్ డాలర్ అనే చదునైన అర్చిన్ జాతి పిల్లలున్న నీటిలో చేపల ఒంటి మీది జిగురు కలిపితే, శత్రువు దగ్గర్లో ఉందని పసిగట్టి, ఆ పిల్లలు తమను తాము ముక్క చేసుకుని రెండుగా మారాయి. చిన్నగా ఉంటే చేప కంటికి ఆనరు కదా. ఇంకా పెద్దదవ్వని జంతువు అప్పుడే పిల్లని కంటోంది! దీన్ని 'పెరుగుదలలో ఒక దశ' అని రెండు మార్కుల జవాబు రాస్తే ఎలా?

అన్నిటికంటే వేగంగా జరిగిన మార్పు ఆస్ట్రేలియాలోనే, క్వీన్స్‌లాండ్ తీరంలో. క్రిప్టాస్టెరీనా అనే చిన్న సముద్ర నక్షత్రాల్లో రెండు జాతులు. ఒకటి మామూలుగా సముద్రంలోకి అండాలు వదులుతుంది, పిల్లలు నీళ్లలో ఈదుతాయి. రెండోది తానే ఆడా మగా, తన అండాలను తానే ఫలదీకరించుకుని, పిల్లల్ని ఒంట్లోనే పెంచి బుల్లి నక్షత్రాలుగా కంటుంది. ఇవి విడిపోయి 6,000 నుంచి 22,000 ఏళ్లేనని 2012లో లెక్క తేలింది. ఆ పరిశోధకుల్లో మైకేల్ హార్ట్ కూడా ఉన్నాడు, విలియమ్సన్ గిన్నెను పరీక్షించిన ఆయనే.

ఈ మధ్య మా చిన్నమ్మ మనవరాలు డిగ్రీ రికార్డు రాసుకుంటూ ఫోన్ చేసింది. ఆ రెండు బొమ్మలే. "పిన్నీ, రెండూ ఒకేలా ఉన్నాయి, ఎలా గుర్తుపెట్టుకోవాలి?" అని ఒకటే టెన్షన్. ఓఫియోప్లూటియస్ చేతులు వెడల్పుగా విప్పి వేయమని చెప్పాను, మార్కులు ముందు. తర్వాత గంటసేపు ఇదంతా చెప్పాను. అంతా విని, "అయితే పిల్ల వేరు, పెద్దది వేరు అనా?" అంది. లుయిడియా కథ చెప్పాను దానికి.

లుయిడియా సార్సీ అట్లాంటిక్ వైపు సముద్ర నక్షత్రం. దాని డింభకం మిగతావాటితో పోలిస్తే రాక్షసి, సెంటీమీటర్లలో ఉంటుంది. లోపల నక్షత్రం తయారయ్యాక మిగతా జాతుల్లోలా డింభకం కరిగిపోదు. నక్షత్రం తెగి అడుగుకి వెళ్లిపోతుంది. ఖాళీ అయిన డింభకం ఆ తర్వాత కూడా నెలల తరబడి పైనే ఈదుతూ ఉంటుంది.

"అప్పుడది ఎవరి పిల్ల పిన్నీ?" అంది.